పని చేస్తే బాగైనట్టే

మా ఆసుపత్రి మానసిక వార్డులో కొత్త నర్సులు చేరినప్పుడల్లా వాళ్ళకు పిచ్చాసుపత్రుల చరిత్ర చెప్పే పని నా నెత్తిన పడుతుంది. ఒకసారి ఏదో సమావేశంలో ఎవరో తప్పు చెబుతుంటే ఊరుకోలేక దిద్దాను. అప్పటినుంచి ఆ పాఠం నాదైపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి మాత్రం ఎప్పుడూ చాకిరీయే దొరికింది.

క్లాసు భోజనాల తర్వాత పెడతారు. సగం మంది కళ్ళు వాలిపోతుంటాయి. అందుకని గొలుసులతో మొదలుపెడతాను. పందొమ్మిదో శతాబ్దానికి ముందు పిచ్చివాడికి కాపలావాడే తప్ప డాక్టరనేవాడు దాదాపు లేడు. చీకటి గది, గడ్డి, కాలికి గొలుసు. చూడటానికి వచ్చిన జనం గవాక్షంలోంచి రాళ్ళేసేవాళ్ళు. ఆ శతాబ్దంలో కొందరు డాక్టర్లు ఇది దయ్యమూ కాదు, పాపమూ కాదు, జబ్బు, దీన్ని చూడటమే మా వృత్తి అని నిలబడ్డారు. గొలుసులు తీయించారు. ఊరి బయట పెద్ద పెద్ద ఇళ్ళు కట్టించారు, వాటి చుట్టూ తోటలు, తోటల చుట్టూ ఎత్తైన గోడలు. మందులంటూ పెద్దగా లేవు. నిద్రకు నల్లమందు, ఆవేశానికి చన్నీటి స్నానం. మిగతాదంతా వేళకు లేవడం, వేళకు తినడం, పని చెయ్యడం. ముఖ్యంగా పని చెయ్యడం.

ఆ పద్ధతి ఈ సింగపూర్ ద్వీపంలోకి తెల్లదొరలతోపాటే ఓడ దిగింది. కూలికొచ్చిన చైనావాళ్ళు, మన వైపునుంచి వచ్చినవాళ్ళు, శిక్షపడి పంపబడినవాళ్ళు, వీళ్ళలో బుర్ర చెడినవాణ్ణి మొదట్లో జైల్లోనే పడేసేవాళ్ళు. తర్వాత వాళ్ళకని వేరే ఇల్లు కట్టారు. కొబ్బరిపీచు ఒలిచి తాళ్ళు పేనించేవాళ్ళు, కూరగాయలు పండించేవాళ్ళు, బట్టలుతికించేవాళ్ళు. పొద్దున్నే తిరిగే పెద్ద డాక్టరు చూసేది ఒక్కటే, వీడు పని చేస్తున్నాడా లేదా అని. చేస్తే బాగుపడుతున్నట్టు, చెయ్యకపోతే పిచ్చి ఇంకా ఉన్నట్టు. రక్తవిరేచనాలు పట్టి, కాళ్ళు వాచి చచ్చిపోయినవాళ్ళు ఎందరో. వాళ్ళు పనిచేసినట్టో చెయ్యనట్టో నాకు తెలియదు.

ఇక్కడో మాట తప్పకుండా చెబుతాను. బాగైనవాణ్ణి బయటికి వదలాలి కదా? కానీ మంచి పనివాణ్ణి వదిలేస్తే వంటశాల నడవదు, తోట ఎండిపోతుంది. అందుకని మంచి పనివాడు ఇంకొన్నాళ్ళు లోపలే ఉండిపోయేవాడు. ఎందుకూ కొరగానివాణ్ణి ఓడెక్కించి వాడొచ్చిన దేశానికి తోలేసేవాళ్ళు. ఈ మాట దగ్గర క్లాసంతా నవ్వుతుంది. ఫిలిప్పీన్స్ పిల్లలు, మయన్మార్ పిల్లలు, ఇక్కడి చైనీస్ పిల్లలు, తమిళ పిల్లలు, అందరూ ఒక్కలాగే నవ్వుతారు. వాళ్ళలో సగం మంది పని ఉన్నన్నాళ్ళే ఉండనిచ్చే పర్మిట్ల మీద వచ్చినవాళ్ళే. ఆ సంగతి వాళ్ళకు ఆ క్షణంలో తోచదు, నేనూ గుర్తు చెయ్యను.

నేను కడప జిల్లా మనిషిని. నర్సు పని నేర్చుకున్నది మాత్రం కోస్తాలో, తెల్లవాళ్ళనాటి గోడలు ఇంకా నిలబడి ఉన్న ఒక పిచ్చాసుపత్రిలో. అక్కడ రోగులు ఒక రేకుల షెడ్డులో కూర్చుని కాగితం కవర్లు అంటించేవాళ్ళు. మా మేట్రన్ ఆ గుమ్మంలో నిలబడి, "పని చేస్తే బాగైనట్టేనమ్మా" అనేది. చెడ్డది కాదు. రోగుల తలలో పేలు తన చేత్తో తీసేది. కానీ ఆ మాటంటే నాకు అప్పట్నుంచే గుర్రు. మా నాయన చచ్చిపోయే ముందురోజు కూడా మడి దున్నాడు మరి, ఆయన బాగున్నట్టా?

ఇక ఆ మాటను నాకు మళ్ళీ గుర్తుచేసిన మనిషి సంగతి. అతన్ని వార్డుకు తెచ్చిన రోజు నాకు సెలవు. యీషున్‌లో మా ఇంట్లో గోంగూర ఉడకేసుకుంటుంటే ఫోనొచ్చింది. ఇండియా కార్మికుడొకడు వచ్చాడు, తమిళ సిస్టరు మాట్లాడితే తల అడ్డంగా తిప్పుతున్నాడు, నీ భాషేమో చూడు అని. ఈ దేశంలో తమిళం వస్తే ఇండియా మొత్తం వచ్చినట్టే లెక్క. స్టవ్ ఆపేసి, తిట్టుకుంటూ రైలెక్కాను.

ముప్పై దాటని మనిషి. శ్రీకాకుళం జిల్లా. ఓడల యార్డులో ఓడ అడుగుభాగం గీకి రంగులెయ్యడం అతని పని. కొన్నాళ్ళుగా నిద్రపోవడం మానేశాడట. కార్మికులుండే డార్మిటరీలో స్నానాల గదిలో కుళాయి కింద నిలబడి బయటికి రానన్నాడట. ఓడ లోపలినుంచి ఎవరో పేరుపెట్టి పిలుస్తున్నారని చెప్పాడట. ఇవన్నీ తోడొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు చెప్పారు. వాళ్ళు అతని చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏం నాయనా, అన్నం తిన్న్యావా? ఎందుకట్ల నిలబడుండావు, కూచో" అన్నాను.

అతను నా మొహంలోకి చూసి, కాస్త నవ్వాడు. "మీదే వూరు సిస్టరమ్మా? మాట ఏటి అలాగుంది?"

అంత అవస్థలోనూ నా యాసను ఎగతాళి చేశాడన్నమాట. నాకు వెంటనే నచ్చేశాడు.

మందులు పడ్డాక నిద్ర పట్టింది. పిలుపులు తగ్గాయన్నాడు, పోయాయని అనలేదు. తెలుగు మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే కావడంతో నా డ్యూటీ కోసం చూసేవాడు. ఒకరోజు మందు గ్లాసు పట్టుకుని అడిగాడు.

"సిస్టరమ్మా, నన్నింటికి పంపిత్తారా?"

"పోతే మంచిదే కదప్పా. పెండ్లాము, బిడ్డ ఉండారు."

"అమ్మో, అలాగ వొద్దు." గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "మా సిన్నాన్నకి ఇలాగే అయింది. పసువుల పాకలో గుంజకి కట్టీసినారు. నానే అన్నం అట్టుకెళ్ళీవోణ్ణి. ఇప్పరా, ఇప్పరా అని ఏడిసీవోడు. అలాగే పోయినాడు. ఇప్పుడు నాను ఇలాగ ఎల్తే ఆడి రగతమే అంటారు. నా పిల్లని కూడా అదే కళ్ళతో సూత్తారు."

"మరేం చెయ్యమంటావు?"

"బాగైపోయి మళ్ళీ పనిలోకెల్లాల. ఆ తరవాత సెలవెట్టి, అందర్లాగే సెంటు సీసాలు, సాక్లెట్లు అట్టుకుని దిగాల. అలాగ దిగితే ఎవుడూ ఏటీ అనడు."

అతను కోరింది అంతే. పిచ్చివాడిగా కాక, సెలవు మీద వచ్చినవాడిగా ఊళ్ళో దిగడం. దానికి ముందు మళ్ళీ పనిలోకి వెళ్ళాలి, పనిలోకి వెళ్ళాలంటే బాగైపోయానని ఇక్కడ ఒప్పించాలి. అతని లెక్కలో తప్పేమీ నాకు కనపడలేదు.

యార్డులో బతికినవాడికి ఒక తెలివి అబ్బుతుంది. సూపర్‌వైజరు దేన్ని చూస్తాడో కనిపెట్టి అదే చెయ్యడం. డాక్టర్లు రౌండుకు వచ్చినప్పుడు నర్సులను ఏం అడుగుతారో అతను మంచం మీద కూర్చుని విన్నాడు. తింటున్నాడా, పడుకుంటున్నాడా, తన పనులు తాను చేసుకుంటున్నాడా? ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా మూడో మాట పట్టుకున్నాడు. మర్నాటినుంచి తుడిచే గుడ్డ చేతికొచ్చింది.

మొదట తను తిన్న బల్ల, తర్వాత అందరి బల్లలు, ఆ తర్వాత గోడల వెంబడి పట్టుకునే కడ్డీలు. పక్కమంచాల ముసలాళ్ళ దుప్పట్లు కూడా అతనే పరిచేవాడు, మూలలు చాకుతో కోసినట్టు. టీ కప్పులు ఏరి వరసగా పేర్చేవాడు. అందరికీ ముచ్చటేసింది. వార్డు తుడిచే చైనీస్ ఆంటీ అయితే నా చెయ్యి పట్టుకుని మరీ, ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో, "సిస్టర్ ఆ, దిస్ వన్ వెరీ హార్డ్‌వర్కింగ్, బెటర్ దేన్ మై సన్ లా" అంది. రౌండులో డాక్టరమ్మ అతన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి అతను ఇంకో బల్ల తుడిచాడు.

నేను బల్లల్ని చూడలేదు, అతని చేతుల్ని చూస్తూ వచ్చాను. తుడిచిన బల్లే మళ్ళీ తుడుస్తున్నాడు. టీ చల్లారిపోతున్నా, అన్నం ట్రే వచ్చినా ఆ చెయ్యి ఆగడం లేదు. పెదవులు కదులుతున్నాయి.

"ఎవరితో మాట్లాడతావుండావు నాయనా?"

"ఎవుల్తోనూ కాదు సిస్టరమ్మా. ఇంకా ఉంది, ఇంకా ఉంది అంటన్నాది. అదయ్యీదాకా ఆపకూడదు."

"అనేది ఎవరు?"

అతను అప్పుడు తేరుకుని భయంగా చుట్టూ చూశాడు. "డాక్టరుగోరికి సెప్పకండి. పని సేత్తన్నాను కదా. పని సేసీవోడు పిచ్చోడేటి?"

చెప్పాను. చెప్పకుండా ఉండటానికి నాకు జీతం ఇవ్వరు. డాక్టరమ్మ చిన్నపిల్ల, తెలివైనది, రోగుల చెయ్యి పట్టుకుని మాట్లాడే రకం. నా మాట ఓపికగా విని మందు కాస్త పెంచింది. కానీ తింటున్నాడు, పడుకుంటున్నాడు, శుభ్రంగా ఉన్నాడు, నలుగురికీ సాయం చేస్తున్నాడు కదా సిస్టర్, ఇంతకన్నా ఏం కావాలి అంది. మా మేట్రనే చీర విడిచి తెల్లకోటు వేసుకుని వచ్చినట్టనిపించింది. పనిని నమ్మకండి, పనిచేసే మొహాన్ని చూడండి అన్నాను. నా గొంతు కొంచెం లేచింది. ఆమె ఏమీ అనుకోలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఆ సామెత రోగుల మీద పుట్టిందంటారు. ఆ వారమంతా అది వైద్యం చేసేవాళ్ళ మీద పుట్టిందేమోననిపించింది నాకు.

ఇంట్లో అన్నం తింటూ ఇదంతా మా అమ్మాయి మీద వెళ్ళగక్కాను. అది ఫోనులోంచి తలెత్తకుండానే, "హీ ఈజ్ వర్కింగ్, దట్స్ గుడ్ వాట్. అమ్మా, వై యూ ఆల్వేస్ సో యాంగ్రీ లా" అంది. దానికి పదిహేడేళ్ళు. పరీక్షలకు చదువుతూ ఉంటే అది బాగున్నట్టేనని నేనూ అనుకుంటాను కాబట్టి నోరు మూసుకుని పప్పు వడ్డించాను.

తర్వాతి వారం కంపెనీ తరఫు మనిషి వచ్చాడు. మర్యాదస్తుడు. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో అడిగి మరీ మూలకు పెట్టాడు. చిన్న గదిలో డాక్టరమ్మ, ఆయన, నేను, అతను కూర్చున్నాం. అతను చేతిలో గుడ్డతోనే వచ్చాడు. కూర్చున్నాక కూడా ముందున్న బల్ల అంచు తుడుస్తూనే ఉన్నాడు. డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పేది నేను తెలుగు చెయ్యాలి.

"మీరు చాలా బాగా కోలుకున్నారు" అంది ఆమె. చెప్పాను. అతని మొహం వెలిగింది.

"వార్డులో మీరు చేసిన సాయం అందరూ చూశారు." చెప్పాను. తలూపాడు.

"అందువల్ల మీరు విమాన ప్రయాణం చెయ్యగలరని మేం నమ్ముతున్నాం. కంపెనీ టికెట్టు తీసింది. తోడుగా ఒక నర్సు వస్తుంది. ఇంటికి వెళ్ళి మీవాళ్ళ దగ్గర విశ్రాంతి తీసుకోండి." ఆమె నవ్వుతూ చెప్పింది. ఆమె దృష్టిలో అది శుభవార్త. నేను చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు, కలపలేదు.

అతని చెయ్యి ఆగింది. అన్ని రోజుల్లో ఆ చెయ్యి తనంతట తాను ఆగడం నేను చూడటం అదే మొదలు.

"బాగైతే పనిలోకి కదా సిస్టరమ్మా పంపాల?"

తర్జుమా చేశాను. పర్మిట్ రద్దయిందని కంపెనీ మనిషి చెప్పాడు. ఈ జబ్బు వచ్చిన మనిషిని ఎత్తైన పరంజా మీద నిలబెట్టలేం, రేపు పడితే ఎవరు జవాబుదారీ అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు. అదే నాకు మరీ మంటెత్తించింది. ఆ గదిలో ఒక్కడైనా దుర్మార్గుడు ఉంటే నేను తిట్టి బయటపడేదాన్ని.

అతను మళ్ళీ నా వైపే తిరిగాడు. "నాను పని సెయ్యకుండా పడుంటే ఉంచీవోరా?"

దీన్ని నేను ఇంగ్లీషు చెయ్యలేదు. నన్నడిగాడు, నేనే జవాబు చెప్పాను. "ఉంచేవాళ్ళు నాయనా. ఇంకా నయం కాలేదని ఇంకొన్నాళ్ళు పెట్టుకునేవాళ్ళు."

నిజం చెప్పాను. అబద్ధం చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకోను. జీవితంలో ఒక్కసారైనా అతనికి ఎవరో ఒకరు తన భాషలో సూటిగా జవాబివ్వాలి కదా.

గుడ్డను మడతపెట్టి బల్ల మీద ఉంచి, లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి దేన్నీ ముట్టుకోలేదు. మొదట అలిగాడనుకున్నారు, రెండు రోజుల్లో ప్రయాణం కదా, బెంగ అన్నారు. అన్నం తినలేదు. పిలిస్తే చూసేవాడు, తర్వాత చూడటమూ మానేశాడు. ఇది బెంగ కాదని రాశాను, చెప్పాను. ప్రయాణానికి పనికొస్తాడన్న సంతకం అయిపోయింది. సంతకం ఒకసారి పడ్డాక మనిషిని మళ్ళీ చూడాలని ఎవరికీ గుర్తుండదు.

ప్రయాణం రోజు పొద్దున అతనికి సొంత బట్టలు తొడిగే పని నాకొచ్చింది. డార్మిటరీ కుర్రాళ్ళు ఇస్త్రీ చేయించి పంపిన నీలం చొక్కా. కింద బండి సిద్ధంగా ఉంది.

"చెయ్యి ఎత్తు నాయనా" అన్నాను.

ఎత్తలేదు. మోచేయి పట్టుకుని నేనే పైకెత్తి, చొక్కా సర్దుకోవడానికి చెయ్యి వదిలాను. అతని చెయ్యి కింద పడలేదు. నేను ఎక్కడ వదిలానో అక్కడే, గాలిలో నిలబడిపోయింది. మెల్లగా కిందకి వంచి చూశాను. వంచినంత మేర వంగి, అక్కడే ఆగింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. రెప్ప కొట్టడం లేదు.

ఈ స్థితికి పేరు పెట్టిందీ నేను పాఠం చెప్పే ఆ శతాబ్దపు డాక్టర్లే. మైనంబొమ్మను వంచినట్టు ఒళ్ళు ఎలా పెడితే అలా ఉండిపోతుందని వర్ణించారు. మాట, తిండి, కదలిక అన్నీ లోపలే గడ్డకట్టుకుపోతాయి. అలా వదిలేస్తే ప్రాణం పోతుంది. పుస్తకంలో చదివాను, ఇండియాలో ఒకరిద్దరిని చూశాను. కానీ నేను తల దువ్విన మనిషిలో చూడటం వేరు.

అరిచాను. వార్డు మర్యాదలన్నీ మరిచి, తెలుగులో అరిచాను. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె గురించి ఈ మాట చెప్పకపోతే పాపం: నన్నేమీ అడగలేదు, అతని చెయ్యి తనే ఎత్తి, వదిలి చూసింది. తన సంతకాన్ని తనే కొట్టేసి, బండిని వెనక్కి పంపించింది. గంట తిరక్కముందే అతని నరంలోకి మందు ఎక్కుతోంది, ముక్కులోంచి గొట్టం వేశారు. కంపెనీ మనిషి ఫోను చేసి టికెట్టు మార్చడం ఎంత కష్టమో చెప్పబోయాడు. ఆమె ఆయన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

మధ్యాహ్నం వార్డు ఫోనుకు అతని భార్య చేసింది. అంతకుముందు రెండుమూడు సార్లు నాతో మాట్లాడింది. ఊళ్ళోవాళ్ళకు జ్వరమని చెప్పుకొస్తున్నానని, అతని చిన్నాన్న సంగతి అక్కడ ఎవరూ మరిచిపోలేదని ఆమే చెప్పింది.

"అమ్మా, మా మరిది విసాపట్నం బయల్దేరుతున్నాడు. కారు మాటాడీసినాము. ఈయన ఇమానం ఎక్కినారా?"

"లేదమ్మా. ఎక్కలేదు. పంపడం లేదు."

వెనకాల ఎవరో పిల్ల ఏదో అడుగుతోంది. దాన్ని ఆమె ఉష్ అని ఊరుకోబెట్టింది.

"అంటే, ఇంటికి రారా?"

"ఇప్పుడప్పుడే రాడు. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంచుతారు. ఎందుకంటే..."

ఎందుకో చెప్పడానికి నేను మాటలు వెతుక్కుంటున్నాను. గొట్టం సంగతి చెప్పాలా, చెయ్యి సంగతి చెప్పాలా, నయమవుతుందని ముందే అనాలా? ఆమె ఆగలేదు. ఏడుపొచ్చేసింది ఆమెకు. పెద్ద ఆపద దాటినప్పుడు వచ్చే ఏడుపు అది, నేను పోల్చుకోగలను.

"సల్లగుండాల తల్లీ. సింగపూర్లోనే ఉంచినారు కదా. నువ్వు మాకు దేవతవి" అంది. మళ్ళీ నమ్మకం కోసం అడిగింది, "ఇంటికి పంపరు కదమ్మా?"

"పంపరు" అన్నాను.

"బతికించినారు" అని, మరిదిని ఆపాలని కంగారుగా ఫోను పెట్టేసింది.

గాజుతలుపు అవతల అతను వెల్లకిలా, నేను ఎలా పడుకోబెట్టానో అలాగే ఉన్నాడు. నర్సుల గదిలో అందరి ముందే ఏడ్చాను. అతను ఎలా ఉన్నాడని ఆమె అడగనే లేదు.